ఒక అవయవం, ఒకే విభాగం

గర్భసంచి ఒక ఆఫీసుకూ, దాని ముఖద్వారం మరో ఆఫీసుకూ చెందుతాయని ఆషాఢం రెండో వారం దాకా మా మండలంలో ఆడవాళ్ళెవరికీ తెలియదు. ఆ వారంలో జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. దాని పేరు 'ఒక అవయవం, ఒకే విభాగం'.

ఉత్తర్వుకు కారణం సబబైనదే. ఆ వేసవిలో రెండు విభాగాల జీపులు ఒకే రోజు ఒకే వీధిలో ఒకే ఇంటి ముందు ఆగాయి. మొదటి జీపు వాళ్ళు ఆ ఇల్లాలిని పిల్లలు పుట్టకుండా లూపు వేయించుకున్నావా అని అడిగారు. రెండో జీపు వాళ్ళు ముఖద్వారానికి హెచ్‌పీవీ అనే వైరస్ సోకిందేమో పరీక్ష చేయించుకున్నావా అని అడిగారు. ఆవిడ చేట పక్కన పెట్టి, మొదటి ప్రశ్నకి చెప్పాల్సిన జవాబు రెండో జీపు వాళ్ళకి చెప్పింది. దాంతో ఆ నెల నివేదికలో మా మండలంలో 'లూపు సోకిన మహిళలు: ఒకరు' అని నమోదైంది. పై నుంచి సంజాయిషీ అడిగారు.

అలాంటిది మళ్ళీ జరగకూడదని పెద్దలు కూర్చుని మనిషి శరీరాన్ని పంచారు. కళ్ళు ఒకరికి, పళ్ళు ఒకరికి, ఊపిరితిత్తులు ఒకరికి. గర్భసంచి కుటుంబ సంక్షేమ విభాగం వాటాకు వచ్చింది, ముఖద్వారం క్యాన్సర్ నివారణ విభాగం వాటాకు వచ్చింది. ఎవరి అవయవాన్ని వాళ్ళే చూసుకోవాలి. పక్కవాళ్ళ అవయవాన్ని ముట్టుకోవాలంటే 'అభ్యంతరం లేదు' అని కాగితం తెచ్చుకోవాలి. ఉత్తర్వుతో పాటు రంగుల పటం కూడా పంపారు. గర్భసంచికి గులాబీ రంగు, ముఖద్వారానికి పచ్చ రంగు, మధ్యలో నల్లగీత.

మా ఆరోగ్య కేంద్రంలో నేను కంప్యూటర్‌లో వివరాలు ఎక్కిస్తాను. అక్షరం గుండ్రంగా ఉంటుందని సమావేశాల తీర్మానాలు కూడా నాచేతే రాయిస్తారు. ఏఎన్ఎం ఇందుమతి గారు పటాన్ని గోడకి అంటించి, కాస్త వెనక్కి జరిగి చూసింది.

"ఈ నల్లగీత ఎక్కడుంటుందమ్మా? పదిహేడేళ్ళ నుంచి లూపులు వేస్తున్నాను, నాకెప్పుడూ తగల్లేదు" అంది.

పటం గీసినవాళ్ళకి ఒక్క సంగతి గుర్తు రాలేదు. లూపుకి కింద సన్నని దారం ఉంటుంది. లూపు గర్భసంచిలో కూర్చుంటే, దారం ముఖద్వారంలోంచి దిగి చిన్న ముక్క బయటికి వేలాడుతుంది. లూపు చోటు మారకుండా ఉందో లేదో చూసుకోవడానికీ, వద్దనుకున్నప్పుడు పట్టుకుని తీయడానికీ అది కావాలి. అంటే గులాబీ విభాగం వారి దారం, నల్లగీత దాటి, పచ్చ విభాగం వారి స్థలంలో ఉంటుంది.

ఈ సంగతి గెంబలి తవిటమ్మ వల్ల బయటపడింది.

తవిటమ్మ జీడిపిక్కల బట్టీలో పని చేస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. జీడిసొన తగిలి తగిలి వేళ్ళ కొసలు నల్లబడిపోయాయి. ఇద్దరు పిల్లలు పుట్టాక ఎనిమిదేళ్ళ కిందట లూపు వేయించుకుంది. ఉత్తర్వు రాకముందు పెట్టిన శిబిరంలో ఆవిడా పరీక్షకి నమూనా ఇచ్చింది. ఫలితాలు ఉత్తర్వు వచ్చాక వచ్చాయి. ఐదుగురికి హెచ్‌పీవీ ఉందని తేలింది. లూపు లేని నలుగురినీ పదిహేను రోజుల్లో జిల్లా ఆసుపత్రికి పంపించేశాం. ఐదో మనిషి తవిటమ్మ.

"ఉందంటే ఏటి సిస్టరమ్మా, నానుంటానా, పోతానా?" అని అడిగింది, నిలబడే.

ఇందుమతి గారు ఆవిడని కూర్చోబెట్టింది. "ఇది క్యాన్సర్ కాదు తవిటమ్మా. వైరస్. చాలామందికి వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది. కొందరిలో పోకుండా ఉండిపోతే ఏళ్ళు గడిచాక క్యాన్సర్‌కి దారి తీస్తుంది. అందుకని జిల్లా ఆసుపత్రిలో పెద్ద భూతద్దంతో ఒకసారి చూస్తారు. ఏమన్నా ఉంటే అక్కడే మాన్పిస్తారు. ఆలస్యం చెయ్యకూడదు, అంతే."

"లూపు వల్లొచ్చిందేటి?"

"కాదు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మాయమ్మ ఇలాగే పోయినాది" అంది తవిటమ్మ. "ఆకరికి తెలిసినాది. కడుపు కింద నొప్పని ఏడాది ఏడిసినాది, ఎవులూ సూడనేదు. నాకు పెద్దపిల్ల పదో తరగతి. దాని సేతికి పొయ్యి అప్పగించి నాను పోతే ఎలాగ? ఎప్పుడెల్లమంటావో సెప్పు, రేపే ఎల్లిపోతాను."

నేను ఆవిడ పేరు కంప్యూటర్‌లో కొట్టాను. ఎర్ర అక్షరాలతో జవాబు వచ్చింది: 'ఈ మహిళ ముఖద్వారమునందు ఇతర విభాగపు ఆస్తి ఉన్నది. పంపుట కుదరదు.'

తవిటమ్మ వినలేదు, మర్నాడు బస్సెక్కి తనే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి కంప్యూటర్‌లోనూ అవే ఎర్ర అక్షరాలు కనిపించాయి. వెనక్కి పంపేశారు.

ఇందుమతి గారు రెండు విభాగాలకీ ఉత్తరాలు రాసింది. శ్రావణం గడిచాక ఇద్దరు అధికారులూ మా కేంద్రంలోనే సమావేశమయ్యారు. కుటుంబ సంక్షేమం తరఫున పేడాడ ఉమాపతిరావు గారు, క్యాన్సర్ నివారణ తరఫున డాక్టర్ హేమసుందరి గారు. ఎవరి జీపు వాళ్ళదే. తవిటమ్మ బట్టీ మానుకుని వచ్చి గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుంది.

ఉమాపతిరావు గారు పటం ముందు నిలబడ్డారు. "లూపు అనగా కేవలం టీ ఆకారపు వస్తువని భావించరాదు. దారముతో కూడినదే లూపు. ఆవు మా విభాగానిదైనప్పుడు తోక మాత్రం వేరొకరిది ఎట్లగును?"

"తోక మీదే సార్, కాదనను" అన్నారు హేమసుందరి గారు. "అది మా పెరట్లో ఆడుతోంది. దాన్ని ఆక్రమణ అంటారు."

"మీ సిబ్బంది పరీక్ష పేరిట ఆ దారమును తాకినచో, లూపు జారినచో, మా లక్ష్యములో ఒక యూనిట్ తగ్గును. అందుకు బాధ్యులెవరు?"

"మీ దారం ఉన్నచోట మేము పరీక్షించి సంతకం పెడితే, ఆ దారాన్ని మేం అంగీకరించినట్టవుతుంది. రేపు మీరు అక్కడ ఇంకేం పెడతారో ఎవరికి తెలుసు?"

ఇందుమతి గారు లేచి నిలబడింది. "సార్, మేడం, ఆసుపత్రిలో చూసే డాక్టరు దారం కాస్త పక్కకి జరుపుకుని చూస్తారండీ. లూపు తీయక్కర్లేదు కూడా."

"జరుపుట అనగా తరలింపు" అన్నారు ఉమాపతిరావు గారు. "తరలింపునకు ప్రత్యేక ఉత్తర్వు కావలెను."

"పోనీ తీసేసి, చూపించి, మళ్ళీ వేస్తే?"

"లూపు కాలపరిమితి పది సంవత్సరములు. ఇంకను రెండు సంవత్సరముల సర్వీసు ఉన్నది. కారణము లేక మధ్యలో తొలగించుట కుదరదు."

"కారణం ఉంది కదండీ."

"ఆ కారణము వేరే విభాగానిది."

ఇక తవిటమ్మ ఉండలేకపోయింది. బెంచీ మీంచి లేచి గుమ్మంలోకి వచ్చింది. "అయ్యా, ఆవూ మీదే, పెరడూ మీదే. మరి నానేటి, కట్టుగుంజనా?"

ఇద్దరు అధికారులూ మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చారు. "నీవు లబ్ధిదారువమ్మా" అన్నారు. ఇది అంతర్విభాగ సమావేశమనీ, లబ్ధిదారులు బయట కూర్చోవాలనీ చెప్పి తలుపు దగ్గరికి వేయించారు.

సమావేశం అయ్యాక నాచేత తీర్మానం రాయించారు. 'వివాదము తేలు వరకు సదరు ప్రాంతమున యథాతథ స్థితి కొనసాగవలెను. ఎవరును ప్రవేశించరాదు. ఎట్టి మార్పులును చేయరాదు.' ప్రతులు ఎవరెవరికి పంపాలో కింద రాయించారు. కుటుంబ సంక్షేమానికి ఒకటి, క్యాన్సర్ నివారణకు ఒకటి, లబ్ధిదారుకు ఒకటి. ఉమాపతిరావు గారు ఒక్క క్షణం ఆలోచించి, న్యాయంలో లోటు ఉండకూడదని, 'సదరు ప్రాంతమునకు రాకపోకలు గలవారికి ఒకటి' అని చేర్చమన్నారు.

ఆ నాలుగో ప్రతి రిజిస్టరు పోస్టులో తవిటమ్మ మొగుడు గవరయ్యకి అందింది. అతను బట్టీలో బస్తాలు మోస్తాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. కాగితం చొక్కాలో దాచుకుని వచ్చి, ఆడవాళ్ళంతా వెళ్ళిపోయేదాకా వేపచెట్టు కింద నిలబడి, అప్పుడు లోపలికి వచ్చాడు.

"సిస్టరమ్మా, గవర్మెంటోలు నాకు కాయితం పంపినారు. సదివించుకున్నాను. ఎవులూ పోకూడదంట. నాను ఇంటికెల్లొచ్చా, ఎల్లకూడదా?"

"ఇంటికి వెళ్ళొచ్చు గవరయ్యా."

"ఇంటికా?" అన్నాడు అతను.

"ఇంటికి" అంది ఇందుమతి గారు, రిజిస్టరులోంచి తలెత్తకుండా. అతను ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆవిడ హేమసుందరి గారికి ఫోన్ చేసింది. "మేడం, మనం యథాతథ స్థితి అన్నాం. ఆ వైరస్ యథాతథంగా ఉండదు కదండీ?"

"ఉత్తర్వు అందరికీ వర్తిస్తుంది ఇందుమతీ."

"వైరస్‌కి ప్రతి పంపలేదు మేడం."

అవతల కాసేపు కాగితాలు తిప్పిన చప్పుడైంది. "లబ్ధిదారుకి పంపాం కదా. వైరస్ చిరునామా కూడా అదే. అందినట్టే లెక్క" అన్నారు.

తరువాతి నెలలో విషయం ఒక్క తవిటమ్మతో ఆగకూడదని, అందరికీ సమన్యాయం జరగాలని, మండలంలో లూపు ఉన్న మూడువందల పదిహేడు మందినీ నిషేధిత జాబితాలో పెట్టారు. రిజిస్ట్రేషన్ కాని భూముల జాబితా ఎలా ఉంటుందో మా ఊళ్ళలో అందరికీ తెలుసు. ఏ భూమి అయినా అందులోకి పోవడం తేలిక, బయటికి రావడం కష్టం. వాళ్ళలో ఎవరి పేరు కొట్టినా కంప్యూటర్ ఎర్రబడేది. పరీక్షకి నమూనా ఇద్దామన్నా తీసుకోవడానికి లేదు. మందస నుంచి కోడలిగా వచ్చిన ఒక పిల్ల, ఇంకా పాతికేళ్ళు లేవు, ఫోనులో ఆరోగ్య కార్డు తెరిస్తే తన పేరు ఎర్రగా కనిపించేసరికి ఏడుస్తూ వచ్చి, "అక్కా, మా అత్తోరికి తెలిస్తే ఏటనుకుంటారు, నా మీద కేసేటి?" అని అడిగింది.

ఇక కొత్తగా లూపు వేయించుకునేవాళ్ళు మానేశారు. ఎందుకు వద్దో చెప్పలేదు, రమ్మన్నా రాలేదు. బట్టీ దగ్గర ఇందుమతి గారు నచ్చజెప్పబోతే ఒకామె నవ్వేసింది. "మాకొద్దు సిస్టరూ, ఏసుకున్న కాణ్నించి మన ఒళ్ళు గవర్మెంటు పోరంబోకు అయిపోతంది."

కార్తీకానికి కుటుంబ సంక్షేమ లక్ష్యసాధన సున్నా దగ్గర నిలిచింది. అప్పుడు ఉమాపతిరావు గారికి కోపం వచ్చింది. వివాదాన్ని సత్వరం తేల్చాలని, అందుకు శాస్త్రీయమైన మార్గం ఉమ్మడి సర్వే అని ప్రతిపాదించారు. హేమసుందరి గారు ఒప్పుకున్నారు. హద్దు నిర్ణయించడానికి మండల సర్వేయరును పంపమని రెవెన్యూకు రాశారు. 'హద్దుల తగాదా, రెండు ప్రభుత్వ విభాగముల నడుమ' అని మాత్రమే రాశారు గనక, రెవెన్యూ వాళ్ళు మారు మాట్లాడకుండా పంపారు.

సర్వేయరు చింతాడ జగన్నాథం గారు పదవీ విరమణకి దగ్గర్లో ఉన్నాయన. స్కూటరు మీద ముక్కాలి స్టాండు కట్టుకుని, సంచిలో గొలుసు వేసుకుని వచ్చారు.

"సర్వే నంబరు ఎంతమ్మా?"

ఇందుమతి గారు తవిటమ్మ ఆరోగ్య కార్డు నంబరు చెప్పింది. ఆయన రాసుకున్నారు.

"పొలం ఎక్కడ?"

"ఆ బెంచీ మీద కూర్చుందండీ."

ఆయన బెంచీ వైపు చూశారు. గోడ మీది పటం వైపు చూశారు. పటం కింద రాసింది పెదాలు కదుపుతూ చదివారు. సంచి కింద పెట్టి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఖాళీ చేసి కూడా వెంటనే కింద పెట్టలేదు.

తవిటమ్మ ఆయన్ని వదలదల్చుకోలేదు. "ఏటి బావూ, గొలుసు ఏస్తారా? ముందు ఏ పక్కకు నించోమంటారు?"

"తల్లీ, నాకిద్దరు కూతుళ్ళు. నన్నొగ్గీయమ్మా" అన్నారు జగన్నాథం గారు. "ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో గట్లు కొలిచాను, చెరువులు కొలిచాను, శ్మశానాలు కూడా కొలిచాను."

సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. ఉమాపతిరావు గారు. నివేదిక ఇవాళే రావాలట, క్షేత్రంలోనే ఫారం నింపి సంతకాలు తీసుకోవాలట.

జగన్నాథం గారు ఫారం తీసి నా బల్ల మీద పెట్టారు. "ఇది నా చేత్తో రాయలేనమ్మా, నువ్వు చదివి నింపు, నేను చెప్తాను."

నేను చదివాను. "విస్తీర్ణం."

"ఖాళీగా వదిలేయ్."

"నేల స్వభావం."

"వదిలెయ్యమ్మా."

"తూర్పు హద్దు, పడమర హద్దు."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"అనుభవంలో ఉన్నవారు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇది మాత్రం వదలడానికి లేదు. ఇది నేను కళ్ళతో చూసిందే రాయాలి. రాయమ్మా. గెంబలి తవిటమ్మ, భర్త గవరయ్య. పుట్టినది మొదలు ముప్ఫైయెనిమిది సంవత్సరములుగా ఎవరి అభ్యంతరము లేకుండా అనుభవములో ఉన్నారు. ఇరు విభాగములకును ఎట్టి స్వాధీనము కనబడలేదు."

సంతకం పెట్టి, సీలు వేసి, ఒక నకలు తవిటమ్మ చేతికి ఇచ్చారు. "సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఇది పట్టుకెళ్ళు. ఏ విషయం అని అడిగితే హద్దుల తగాదా అను, ఆరోగ్యం అనకు. ఆరోగ్యం అంటే మళ్ళీ అక్కడికే పంపుతారు."

సోమవారం ఇందుమతి గారికి టీకాల పని ఉంది. తవిటమ్మకి తోడు నన్ను పంపింది. హద్దుల తగాదాల వరసలో మా ముందు పంచెకట్లతో నలభై మంది రైతులున్నారు. తవిటమ్మ ఒక్కతే ఆడమనిషి. ముందున్న ముసలాయన జాలిపడ్డాడు.

"ఎంత పోయిందమ్మా?"

"ఎంతో నేదు బావూ, బెత్తెడు కూడా ఉండదు. దాని కోసమే ఇద్దరు ఆఫీసర్లు కొట్టుకుంటన్నారు."

"రోడ్డు పక్కదేమో" అన్నాడు ఆయన.

పెద్దాఫీసరు గారు ఫారం చూశారు. పై గడులన్నీ ఖాళీ. ఒక్క గడి నిండి ఉంది. దాన్నే చదివారు. "ముప్ఫైయెనిమిదేళ్ళ అనుభవం, అభ్యంతరాల్లేవు. మరి తగాదా ఏముంది?" అని, 'అనుభవదారు కోరిక మేరకు చర్య తీసుకోవలెను' అని పెద్దాఫీసర్లు మాత్రమే వాడే పచ్చ ఇంకుతో రాసి సంతకం పెట్టారు. తర్వాతి మనిషిని పిలిచారు.

ఆ కాగితం పట్టుకుని మేం మెట్లు దిగుతుంటే ఉమాపతిరావు గారు ఎదురయ్యారు. కాగితం అందుకుని చదివారు. పచ్చ ఇంకు గనక కాదనలేకపోయారు. అక్కడికక్కడే ఎవరికో ఫోన్ చేశారు. "ఆ అనుభవదారు గడి ఉన్నంత కాలం ఇక ప్రతి ఆడమనిషీ ఇట్లనే వచ్చును. రేపటి నుండి ఫారములో ఆ గడి ఉండరాదు."

"రేపంటన్నాడు" అంది తవిటమ్మ నాతో. "పద పాపా, ఈ పొద్దే ఎల్లిపోదాం."

ఆసుపత్రి అక్కడికి రెండు వీధుల అవతల. మేం పరుగు లాంటి నడక నడిచాం. కంప్యూటర్ ముందు కూర్చున్నతను ఎర్ర అక్షరాలు చూపించబోతే తవిటమ్మ పచ్చ ఇంకు చూపించింది. లోపలికి పంపారు.

లోపల ఉన్న డాక్టరమ్మ నా కంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. మా తగాదా ఏదీ ఆవిడకి తెలియదు. తవిటమ్మని పడుకోబెట్టి, దీపం సరిచేసుకుని, పొడుగాటి పుల్లకి దూది చుట్టి, "లూపు ఉందా? సరే" అని దారాన్ని ఆ దూదిపుల్లతో పక్కకి జరిపింది. ఆ పని అయిపోయింది. నేను గడియారం చూడాలనుకునేలోపే అయిపోయింది. తవిటమ్మ తల తిప్పి నా వైపు చూసింది. ఐదు నెలలుగా రెండు విభాగాలూ, రెండు జీపులూ, ఒక సర్వేయరూ కదపలేనిది అది.

చిన్న తెల్లమచ్చ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. పదిహేను రోజులకి మళ్ళీ రమ్మన్నారు. ఆ పదిహేను రోజులూ తవిటమ్మ బట్టీకి వెళ్ళే దారిలో రోజూ మా కేంద్రం ముందు ఆగేది. ఏమీ అడిగేది కాదు. కిటికీలోంచి చూసి వెళ్ళిపోయేది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాగితం చదివింది. "క్యాన్సర్ కాదు. వదిలేసి ఉంటే కొన్నేళ్ళకి అయ్యేది. ఇవాళే ఆ మచ్చ తీసేస్తాను." పాత తేదీలు చూసి ఆగింది. "ఫలితం ఆషాఢంలో వస్తే ఇప్పుడా రావడం? ఇది చాలా నెమ్మదైన జబ్బు గనక సరిపోయింది. మీ ఫైలు కంటే నెమ్మదిగా నడిచింది. ఇంకొకరి ఒంట్లో ఇలా ఆగకపోవచ్చు."

నాకు ఎర్ర జాబితాలోని మిగతా మూడువందల పదహారు పేర్లు గుర్తొచ్చాయి. వాళ్ళలో ఎవరి ఒంట్లో ఏముందో ఎవరూ చూడలేదు. చూడడానికి ఇప్పుడు ఫారంలో గడి కూడా లేదు.

మచ్చ తీసేశారు. తవిటమ్మ బల్ల దిగి చీర సర్దుకుంది. కళ్ళు తుడుచుకుంది, నొప్పికి కాదని నాకు తెలుసు.

"ఏడాదికి మళ్ళీ ఒకసారి చూపించుకోవాలి" అని చీటీ రాస్తూ అంది డాక్టరమ్మ.

"అలాగేనమ్మా. అప్పుడు ఎవుల్నడిగి రావాల?"

డాక్టరమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. తలెత్తి చూసింది. "ఎవరినీ అడగక్కర్లేదు. నీ ఒళ్ళే కదా, నువ్వు వస్తే చాలు."

తవిటమ్మ ఆ మాట విని, చీటీని బల్ల మీదే వదిలి, నల్లబడ్డ వేలితో కింద ఖాళీ ఉన్న చోటు చూపించింది.

"ఆ ముక్కే ఇక్కడ రాసీయమ్మా. సీలు కూడా ఏసీ. మూడొందల పదారు నకళ్ళు తీయించుకోవాల."